కొండా కడలీ కలిసిన అకేడియా

అమెరికా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దుకు చేరువలో ఉన్న మెయిన్ రాష్ట్రపు తీరం ఎక్కడా తిన్నగా సాగదు. చిరిగిన గుడ్డ అంచులా వంకర్లు తిరుగుతూ వేల దీవులుగా, పాయలుగా, చిన్న చిన్న అఖాతాలుగా చీలిపోతుంది. ఆ దీవులన్నిటిలోకి పెద్దది మౌంట్ డెజర్ట్. అకేడియా జాతీయ ఉద్యానంలో అత్యధిక భాగం ఈ దీవి మీదే ఉంది. దీవికి తూర్పున ప్రధాన భూభాగంలోని స్కూడిక్ ద్వీపకల్పం, నైరుతి దిక్కున నడిసముద్రంలో ఉన్న ఐల్ ఓ హో అనే చిన్న దీవి మిగతా భాగాలు. అన్నీ కలిపితే సుమారు 49,000 ఎకరాలు. ఎల్లోస్టోన్ ఉద్యానం దీనికి దాదాపు 45 రెట్లు పెద్దది. అయినా ఈ చిన్న చోటికి ఏటా దాదాపు 40 లక్షల మంది వస్తున్నారు.

వాళ్లను రప్పించేది కొండా కడలీ పక్కపక్కనే ఉండటం. అమెరికా తూర్పు తీరం చాలామేరకు చదునైన ఇసుక నేల. మౌంట్ డెజర్ట్ మీద మాత్రం గులాబీ రంగు గ్రానైట్ కొండలు ఇరవైకి పైగా వరసగా నిలబడి ఉంటాయి. వాటి పాదాలను అట్లాంటిక్ అలలు తడుపుతుంటాయి. అన్నిటికన్నా ఎత్తైన కాడిలాక్ కొండ 1,530 అడుగులు, అంటే 466 మీటర్లు. తిరుమల కొండ ఎత్తులో సగానికి కాస్త పైన. అంకెల్లో ఇది పెద్ద ఎత్తేమీ కాదు. కానీ సముద్రం ఒడ్డునే లేచి నిలిచిన కొండ కాబట్టి, శిఖరం మీద నుంచి చూస్తే కింద దీవులు, పడవలు, ఊళ్లు అరచేతిలో గీతల్లా కనిపిస్తాయి. అమెరికా అట్లాంటిక్ తీరాన్ని ఆనుకుని ఇంతకన్నా ఎత్తైన కొండ లేదు.

ఈ రాయి వయసు సుమారు 42 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గ్రానైట్‌గా గట్టిపడింది. పైనున్న పొరలు కోట్ల సంవత్సరాల్లో అరిగిపోగా అది బయటపడింది. నేటి రూపాన్ని చెక్కింది మాత్రం మంచు. చివరి మంచుయుగంలో ఉత్తరం నుంచి కదిలి వచ్చిన మంచుపలక ఈ కొండలను శిఖరాలతో సహా కప్పేసింది. దాని బరువుకూ, అది ఈడ్చుకొచ్చిన రాళ్ల రాపిడికీ కొండల తలలు నునుపుతేలాయి. కొండల మధ్య లోయలు ఉత్తర దక్షిణాలుగా తొట్టెల్లా లోతుగా తవ్వుకుపోయాయి. మంచు కరిగి వెనక్కి తగ్గాక ఆ తొట్టెల్లో నీళ్లు నిలిచి చెరువులయ్యాయి. ఒక లోయలోకైతే సముద్రమే చొచ్చుకొచ్చి దీవిని దాదాపు రెండుగా చీల్చింది. దాని పేరు సోమ్స్ సౌండ్.

మంచు చేసిన పనికి అందరూ వెళ్లి చూసే సాక్ష్యం ఒకటుంది. సౌత్ బబుల్ అనే గుండ్రటి కొండ అంచున, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతుందేమో అనిపించేలా, ఒక పెద్ద బండ కూర్చుని ఉంటుంది. దాని రంగు, అందులోని పెద్ద పెద్ద తెల్లని స్ఫటికాలు కింది గులాబీ గ్రానైట్‌తో కలవవు. అది ఈ కొండ రాయి కాదు. వాయవ్య దిశలో ఎన్నో కిలోమీటర్ల అవతలి నుంచి మంచు మోసుకొచ్చి, కరిగిపోతూ ఇక్కడ దించిపోయిన రాయి. దాన్ని తోసి చూడాలని ప్రతి పిల్లవాడికీ అనిపిస్తుంది. వేల ఏళ్లుగా అది కదలలేదు.

ఈ తీరానికి తొలి హక్కుదారులు వాబనాకి ప్రజలు. వాళ్ల పేరుకు తొలిపొద్దు నేల ప్రజలు అని అర్థం. పెనాబ్‌స్కాట్, పాసమక్వాడీ, మలిసీట్, మిక్‌మాక్ తెగల వారు వేల ఏళ్లుగా ఇక్కడ చేపలు, ఆల్చిప్పలు పట్టుకుంటూ, బెర్రీ పళ్లు ఏరుకుంటూ, బుట్టలల్లుకుంటూ బతికారు. దీవిని వాళ్లు పెమెటిక్ అనేవారు. కొండల వరస అని దాని అర్థం. 1604 సెప్టెంబరులో ఫ్రెంచి నావికుడు శామ్యూల్ డి షాంప్లేన్ ఇటు వచ్చి, చెట్టు లేని రాతి శిఖరాలను చూసి, బోడికొండల దీవి అని తన భాషలో రాసుకున్నాడు. నేటి మౌంట్ డెజర్ట్ అనే పేరు దాని నుంచే వచ్చింది. కాబట్టి పేరులో డెజర్ట్ ఉన్నా ఇక్కడ ఎడారి లేదు. శిఖరాలు తప్పిస్తే దీవంతా స్ప్రూస్, ఫర్, బర్చ్ చెట్లతో పచ్చగా ఉంటుంది. అకేడియా అనేది కూడా ఆనాటి ఫ్రెంచి వలస ప్రాంతపు పేరే.

19వ శతాబ్దం నడుమ థామస్ కోల్, ఫ్రెడరిక్ చర్చ్ వంటి చిత్రకారులు ఈ తీరాన్ని గీసి నగరాలకు పరిచయం చేశారు. ఆ బొమ్మలు చూసిన వాళ్లు వేసవి గడపడానికి రాసాగారు. మొదట జాలరుల ఇళ్లలోనే బస చేసి, వాళ్లు పెట్టింది తిన్నారు. తరవాత హోటళ్లు వచ్చాయి. ఆ తరవాత రాక్‌ఫెల్లర్లు, వాండర్‌బిల్ట్‌లు, ఆస్టర్లు వచ్చి రాజభవనాల్లాంటి ఇళ్లు కట్టుకుని వాటిని కాటేజీలు అని పిలుచుకున్నారు. రంపపు మిల్లులు, ఇళ్ల స్థలాల వ్యాపారం పెరిగేసరికి కొండలు ఒక్కొక్కటిగా చేతులు మారి చెడిపోతాయన్న భయం కొందరికి పట్టుకుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడిగా పనిచేసిన చార్లెస్ ఎలియట్, బోస్టన్ సంపన్నుడు జార్జ్ డార్ మరి కొందరితో కలిసి 1901లో ఒక ధర్మకర్తల సంస్థ పెట్టి, ప్రజల కోసం భూములు సేకరించడం మొదలుపెట్టారు.

అకేడియా చరిత్రలో గౌరవంగా నిలపవలసిన పేరు జార్జ్ డార్‌ది. ఆయన పెళ్లి చేసుకోలేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తినీ, నలభై ఏళ్ల జీవితాన్నీ ఈ కొండలకే ఖర్చుపెట్టాడు. ఎవరి దగ్గర చెరువు గట్టు ఉందో, ఎవరి దగ్గర ఊట ఉందో, ఎవరి పేరున శిఖరం ఉందో కనుక్కుంటూ అడిగి, బతిమాలి, కొని పోగుచేశాడు. ఆ భూమిని ప్రభుత్వానికి ఇస్తామంటే తీసుకోవడానికి వాషింగ్టన్‌లో వెంటనే ఎవరూ ముందుకు రాలేదు. ఏళ్ల తరబడి తిరిగాక 1916 జులై 8న అధ్యక్షుడు వుడ్రో విల్సన్ దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. 1919లో లాఫయెట్ జాతీయ ఉద్యానం అయింది. నేటి అమెరికా జాతీయ ఉద్యానాల్లో మిసిసిపీ నదికి తూర్పున మొట్టమొదట ఏర్పడింది ఇదే. అకేడియా అనే పేరు 1929లో వచ్చింది. మొదటి సూపరింటెండెంటు కూడా డారే. ప్రభుత్వ భూమిని విడదీసి కాకుండా, పౌరులు తమ సొంత భూమి ఇచ్చి ఏర్పరచిన ఉద్యానం ఇది. అందుకే దీని సరిహద్దు గీత ఇప్పటికీ అతుకుల బొంతలా ఉంటుంది. ఊళ్లు, రేవులు, సొంత ఇళ్లు ఉద్యానం మధ్య మధ్యలో కనిపిస్తాయి.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందుగా చూసేది పార్క్ లూప్ రోడ్డు. దీవి తూర్పు భాగాన్ని చుట్టివచ్చే ఈ రోడ్డు 27 మైళ్లు, అంటే 43 కిలోమీటర్లు. చాలా దూరం ఒకే దిక్కుగా వాహనాలు నడుస్తాయి. అందులో సముద్రం ఒడ్డున సాగే ముక్క అన్నిటికన్నా అందమైనది. మొదట శాండ్ బీచ్ వస్తుంది. రెండు రాతి గట్ల మధ్య ఇరుక్కున్న చిన్న ఇసుక తీరం. ఈ ఇసుకలో చాలా వంతు రాతి పొడి కాదు, అలలు నూరిన గవ్వల, ఆల్చిప్పల పొడి. నీళ్లు మాత్రం వేసవి నడిమధ్యలో కూడా 13 డిగ్రీల సెల్సియస్ దాటడం అరుదు. బంగాళాఖాతపు గోరువెచ్చని నీళ్లకు అలవాటుపడిన కాళ్లు మొదటి అలకే జివ్వుమని వెనక్కి వస్తాయి.

అక్కడి నుంచి దక్షిణంగా కొద్ది దూరంలో థండర్ హోల్. గ్రానైట్ గట్టులో సన్నని చీలిక, దాని లోపలి చివర గుహ. అల లోపలికి దూసుకొచ్చినప్పుడు గుహలో చిక్కిన గాలి నొక్కుకుపోయి ఒక్కసారిగా పేలుతుంది. దూరంగా పిడుగు పడ్డట్టు శబ్దం వస్తుంది. పోటు బాగా ఉన్న రోజున తుంపర 40 అడుగుల దాకా లేస్తుంది. ఎప్పుడు వెళ్లినా ఇది వినిపించదు. సముద్రం ప్రశాంతంగా ఉన్న మధ్యాహ్నం వెళితే లోపల నీళ్లు గులగుల మంటాయంతే. పోటు పూర్తిగా వచ్చే సమయానికి గంటా రెండు గంటల ముందు వెళ్లాలి. కాస్త గాలి ఉంటే ఇంకా మంచిది. తుపాను రోజుల్లో మాత్రం ఈ గట్టు దగ్గరకే పోకూడదు. 2009 ఆగస్టులో బిల్ అనే తుపాను సముద్రం మీద సాగిపోతుండగా అలలు చూడటానికి చేరిన జనంలో కొందరిని ఒక పెద్ద అల లాక్కుపోయింది. వాళ్లలో ఏడేళ్ల పాప చనిపోయింది. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన అల శాంతించినట్టు కాదు.

థండర్ హోల్ దాటాక ఆటర్ క్లిఫ్ అనే 110 అడుగుల నిట్టనిలువు రాతిగోడ ఉంది. దాని పాదాన్ని సముద్రం నేరుగా కొడుతుంది. రాతిగోడలెక్కే సాహసికులు తాళ్లతో పైనుంచి దిగి, అలల మీదుగా మళ్లీ పైకి ఎక్కుతారు. శాండ్ బీచ్ నుంచి ఇక్కడిదాకా రోడ్డు పక్కనే సుమారు మూడున్నర కిలోమీటర్ల కాలిబాట ఉంది. కారు కిటికీలోంచి కనిపించనివి ఆ బాటలో దొరుకుతాయి. ఒకచోట బుర్రంత గుండ్రటి రాళ్లు పరచుకున్న ఒడ్డు. అల వెనక్కి పోయినప్పుడల్లా అవి ఒకదానిమీద ఒకటి దొర్లి చేసే గలగల ఒక్కసారి విన్నవాళ్లకు గుర్తుండిపోతుంది. ఆ రాళ్లను జ్ఞాపకంగా తీసుకుపోవడం నేరం. లక్షలమంది తలా ఒకటి పట్టుకుపోతే ఆ ఒడ్డు మిగలదు.

లూప్ రోడ్డు అక్కడి నుంచి లోపలికి తిరిగి జోర్డాన్ పాండ్ చేరుతుంది. పేరుకు చెరువు గాని 150 అడుగుల లోతున్న సరస్సు. అవతలి ఒడ్డున బబుల్స్ అనే జంట కొండలు రెండు బోర్లించిన గిన్నెల్లా ఉంటాయి. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే గాలి లేని ఉదయం అడుగున రాళ్లు లెక్కపెట్టవచ్చు. ఇది తాగునీటి చెరువు కాబట్టి ఈత నిషేధం. ఈత కొట్టాలనుకునేవాళ్లకు దీవి పడమటి వైపు ఎకో లేక్ ఉంది. జోర్డాన్ పాండ్ చుట్టూ ఐదు కిలోమీటర్ల పైచిలుకు కాలిబాట, పడమటి ఒడ్డున చెమ్మనేల మీద పరచిన దుంగల వంతెన ఉన్నాయి. గట్టు మీది పచ్చికలో బల్లలు వేసి టీ, పాపోవర్లు వడ్డించడం వందేళ్లు దాటిన ఆచారం. గుడ్లు, పాలు, మైదా కలిపిన పలచటి పిండిని ఓవెన్‌లో పెడితే పూరీలా పొంగి లోపల డొల్లగా తయారయ్యే రొట్టె పాపోవర్. వెన్న, స్ట్రాబెర్రీ జామ్‌తో వేడివేడిగా తింటారు. పాత భవనం 1979లో కాలిపోయినా, కొత్త భవనంలో అదే వంటకం, అదే పచ్చిక కొనసాగుతున్నాయి.

కాడిలాక్ శిఖరానికి కారులోనూ వెళ్లవచ్చు, నడిచీ వెళ్లవచ్చు. అక్కడ అందరూ కోరుకునేది సూర్యోదయం. అక్టోబరు మొదటి వారం నుంచి మార్చి మొదటి వారం దాకా అమెరికా ప్రధాన భూభాగంలో తొలి సూర్యకిరణం దాదాపుగా ఈ శిఖరం మీదే పడుతుంది. మిగతా నెలల్లో ఆ తొలి వెలుగు ఇదే రాష్ట్రంలోని వేరే చోట్లకు జరుగుతుంది. అయినా వేసవిలో తెల్లవారక ముందే జనం దుప్పట్లు కప్పుకుని బండల మీద కూర్చుంటారు. ఒకప్పుడు ఆ చీకట్లో వందల కార్లు కొండెక్కి చోటు లేక ఇరుక్కునేవి. అందుకని 2021 నుంచి మే చివరి వారం మొదలు అక్టోబరు చివరి దాకా కారులో శిఖరానికి వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో ముందుగా సమయం ఖరారు చేసుకోవాలి. ఉద్యాన ప్రవేశ రుసుము వేరు, ఇది వేరు. సూర్యోదయపు అనుమతులు క్షణాల్లో అయిపోతాయి. దొరకనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. ఒడ్డున ఆటర్ క్లిఫ్ దగ్గర కూర్చుంటే సూర్యుడు నేరుగా సముద్రంలోంచే లేస్తాడు, జనమూ తక్కువ. నడిచి ఎక్కేవాళ్లకు అనుమతి అవసరమే లేదు. దక్షిణ గట్టు మీదుగా సాగే బాటలో సగం దూరం చెట్లు లేని బోడి గ్రానైట్ మీదే నడక కాబట్టి, అడుగడుక్కీ సముద్రం వెనక నుంచి పెద్దదవుతూ కనిపిస్తుంది.

ఉద్యానంలో 240 కిలోమీటర్ల పైగా కాలిబాటలు ఉన్నాయి. ముసలివాళ్లు నడవగలిగే చదును బాటలు, చంటిపిల్లలను తోపుడుబండిలో తీసుకుపోగలిగేవి ఎన్నో. వాటి మధ్య కొన్ని మాత్రం దాదాపు నిచ్చెనలే. బీహైవ్ అనే 520 అడుగుల గుట్ట మీదికి పోయే బాటలో రాతిలో బిగించిన ఇనుప కమ్ములు పట్టుకుని, సన్నని అరుగుల మీద కాలు మోపుతూ ఎక్కాలి. కింద శాండ్ బీచ్ అరచేతి మేర కనిపిస్తుంది. ఎక్కిన దారిన దిగకూడదు. వెనక వైపు నుంచి మెల్లగా దిగే బాట వేరే ఉంది. దీన్ని మించినది షాంప్లేన్ కొండ తూర్పు ముఖాన ఉన్న ప్రెసిపీస్ బాట. ఎత్తంటే భయం ఉన్నవాళ్లు, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు ఈ రెండింటి జోలికి పోకపోవడమే మేలు. వాన పడి రాయి తడిసిన రోజున ఎవరూ పోకూడదు.

ప్రెసిపీస్ బాట సాధారణంగా మార్చి నెలలో మూసి ఆగస్టు నడుమ తెరుస్తారు. కారణం బైరి డేగలు. ప్రపంచంలోకెల్లా వేగంగా దూకే ఈ పక్షులు ఆ కొండ ముఖంలోని అరుగుల మీద గుడ్లు పెడతాయి. డి.డి.టి. వంటి పురుగుమందుల వల్ల గుడ్ల పెంకు పలచబడి, 1960ల నాటికి అమెరికా తూర్పు భాగంలో ఈ జాతి గూళ్లే లేకుండా పోయాయి. 1984 నుంచి పిల్లలను తెచ్చి అకేడియాలో వదిలారు. 1991లో మళ్లీ ఒక జంట ఇక్కడ గూడు పెట్టి పిల్లల్ని పెంచింది. అప్పటి నుంచి వందకు పైగా పిల్లలు ఎగిరిపోయాయి. మూసిన నెలల్లో కొండ కింద ఉద్యాన సిబ్బంది దుర్భిణులు పెట్టి, వచ్చినవాళ్లకు గూళ్లను చూపిస్తుంటారు. కొండెక్కడం కన్నా అది తక్కువ అనుభవమేమీ కాదు.

ఇంత చిన్న ఉద్యానంలో జనసందోహాన్ని మరిపించే ప్రశాంతత దొరుకుతోందంటే ఆ పుణ్యం జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ వేయించిన గుర్రపు బండ్ల దారులది. చమురు సామ్రాజ్యపు వారసుడికి, చమురుతో నడిచే కార్ల రొద లేని చోటు కావలసి వచ్చింది. 1913 నుంచి 1940 దాకా 27 ఏళ్లపాటు సొంత డబ్బుతో 57 మైళ్ల దారులు వేయించాడు. వాటిలో 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు నేడు ఉద్యానంలో ఉన్నాయి. మోటారు వాహనాలకు ఆనాడూ ప్రవేశం లేదు, ఈనాడూ లేదు.

ఆ దారుల పనితనం ఇంజనీరింగ్ చదివేవాళ్లు ప్రత్యేకంగా చూడదగ్గది. పదహారు అడుగుల వెడల్పు, కంకరను పొరలు పొరలుగా వేసి చదును చేసిన నేల, మధ్యలో కాస్త ఉబ్బు, రెండు పక్కలా రాతి కాలువలు. ఎంత వాన పడినా నీరు నిలవదు. కొండను తొలిచి తిన్నగా పోకుండా, కొండ వంపుతోపాటే దారి వంగుతుంది. ఒక్కో మలుపులో ఒక చెరువో, జలపాతమో, సముద్రపు ముక్కో కనబడేలా రాక్‌ఫెల్లర్ స్వయంగా నడిచి గీత నిర్ణయించేవాడు. అంచున పడిపోకుండా నిలబెట్టిన ముతక గ్రానైట్ దిమ్మెలను జనం రాక్‌ఫెల్లర్ పళ్లు అంటారు. వాగుల మీద, రోడ్ల మీద పదిహేడు రాతి వంతెనలు ఉన్నాయి. ఏ రెండూ ఒకలా ఉండవు. దారి పక్క మొక్కలు ఎక్కడ ఏవి నాటాలో ఉద్యాన శిల్పి బీట్రిక్స్ ఫరాండ్ సలహా ఇచ్చింది. నేడు ఈ దారుల మీద సైకిళ్లు, నడిచేవాళ్లు, గుర్రాలు, చలికాలంలో మంచు స్కీల మీద జారేవాళ్లు కనిపిస్తారు. బార్ హార్బర్ ఊళ్లో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. ఈగిల్ లేక్ చుట్టూ ఉన్న దారి పది కిలోమీటర్లకు లోపే. సైకిల్ తొక్కి ఏళ్లయినవాళ్లు కూడా తొక్కగలరు. అకేడియాలో ఒకే ఒక్క పని చేయడానికి సమయం ఉంటే, కొండ మీది కారు రోడ్డు కన్నా ఈ దారుల మీద ఒక పూట గడపడమే సరైన ఎంపిక.

సముద్రానికి ఇక్కడ రోజూ రెండు రూపాలు. ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం సగటున 10 నుంచి 12 అడుగులు మారుతుంది. ఈ తీరానికి ఈశాన్యంగా ఉన్న ఫండీ అఖాతంలో లోకంలోకెల్లా పెద్ద పోట్లు వస్తాయి. ఆ ఊపులో కొంత ఇక్కడిదాకా చేరుతుంది. బార్ హార్బర్ ఊరి చివర నిలబడి చూస్తే ఎదురుగా నీళ్ల నడుమ బార్ ఐలాండ్ కనిపిస్తుంది. ఆటు వేళకు ఆ నీళ్లు తప్పుకుని కంకర దారి తేలుతుంది. నీరు పూర్తిగా తగ్గే సమయానికి గంటన్నర ముందు, గంటన్నర తరవాత, మొత్తం మూడు గంటలు నడిచి వెళ్లి రావచ్చు. ఆలస్యం చేస్తే మళ్లీ ఆటు వచ్చేదాకా దీవిలోనే ఉండాలి. దారి మధ్యలో వదిలిన కార్లు మునిగిపోయిన ఉదంతాలు ఉన్నాయి.

ఆటు వేళ బయటపడిన బండల మీద ఒక చిన్న లోకమే కనబడుతుంది. అన్నిటికన్నా పైన రాయి నల్లగా ఉంటుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవుల పొర అది, తడిసిందంటే నూనె పోసినంత జారుడు. దాని కింద సున్నపు గుల్లల తెల్లని పట్టీ, ఆ కింద గోధుమ రంగు నాచు, ఇంకా కింద ఎరుపు నాచు, చివరికి నీళ్లలో ఊగే పెద్ద ఆకుల నాచు. రాతి గుంటల్లో నిలిచిన నీళ్లలో పీతలు, నక్షత్ర చేపలు, సముద్రపు నత్తలు ఉంటాయి. దీవి నైరుతి కొసన వండర్‌ల్యాండ్, షిప్ హార్బర్ అనే రెండు చిన్న బాటలు ఇందుకు మంచివి. జీవులను చూసి, ఎత్తిన రాయిని మళ్లీ అలాగే పెట్టాలి.

సోమ్స్ సౌండ్‌కు పడమట ఉన్న సగాన్ని స్థానికులు నిశ్శబ్దపు వైపు అంటారు. ఉద్యానపు జనంలో చిన్న వంతు మాత్రమే ఇటు వస్తారు. ఇక్కడి ఊళ్లలో లాబ్‌స్టర్ పట్టేవాళ్లు తెల్లవారుజామునే పడవలు తీస్తారు. నీటి మీద తేలే రంగురంగుల బుంగలు వాళ్ల బోనుల గుర్తులు. ఎవరి బుంగకు ఏ రంగులో వాళ్లందరికీ తెలుసు. దక్షిణ కొసన రాతిగట్టు మీద 1858లో కట్టిన బాస్ హార్బర్ దీపస్తంభం ఉంది. ఎర్రని వెలుగుతో నేటికీ పడవలకు దారి చూపుతోంది. 2020లో అది ఉద్యానం చేతికి వచ్చింది. సూర్యాస్తమయానికి అక్కడ చేరే కార్లకు చోటు చాలదు. ఉదయం వెళితే రాళ్ల మీద ఒంటరిగా కూర్చోవచ్చు.

ఇంకా ఏకాంతం కావాలంటే స్కూడిక్. బార్ హార్బర్ నుంచి కారులో గంట పైన పడుతుంది. గులాబీ గ్రానైట్‌ను చీల్చుకుంటూ నల్లని బసాల్ట్ రాతి పట్టీలు సముద్రంలోకి గీతల్లా దిగుతాయి. ఆ కొసకు అలలు విశాల సముద్రం నుంచి నేరుగా వస్తాయి. ఒకప్పటి నౌకాదళ స్థావరం 2002లో మూతపడ్డాక పరిశోధన కేంద్రమైంది. ఐల్ ఓ హోకు స్టోనింగ్టన్ రేవు నుంచి టపా పడవలో వెళ్లాలి. దీవిలో దాదాపు సగం ఉద్యానానిది. గుడారపు బసకు అయిదే అయిదు చిన్న కొయ్య చావళ్లు ఉన్నాయి.

ఏ నెలలో వెళ్లాలన్నది మనసుకు ఏం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. జూన్‌లో పొగమంచు ఎక్కువ, దోమలూ ఎక్కువ. జులై, ఆగస్టు నెలల్లో వాతావరణం హాయిగా ఉంటుంది, జనం కిటకిటలాడుతూ ఉంటారు. ఆగస్టులో కొండల మీద నేలబారు పొదల నిండా అడవి బ్లూబెర్రీలు పండుతాయి. సొంతానికి కొన్ని కోసుకుని తినడానికి అనుమతి ఉంది. తిమింగలాలను, పఫిన్ పక్షులను చూపించే పడవలు బార్ హార్బర్ నుంచి బయలుదేరతాయి. సెప్టెంబరులో ఆకాశం తేటపడుతుంది. ఊళ్ల వెలుగు తక్కువ కాబట్టి శాండ్ బీచ్ మీద పడుకుని చూస్తే పాలపుంత మబ్బులా పరచుకుని ఉంటుంది.

అక్టోబరు నడుమ ఆకులు రంగు మారే రోజులు. ఆ రంగుల వెనక ఒక విషాదం ఉంది. 1947 అక్టోబరు, దీర్ఘకాలపు వానలేమి. 17వ తేదీన మొదలైన చిన్న మంట నాలుగైదు రోజులు నేలలోపల రగిలి, 23న పెనుగాలితో లేచి మూడు గంటల్లో కొండల మీదుగా సముద్రం దాకా పోయింది. దారులు మూసుకుపోగా బార్ హార్బర్ రేవులో చిక్కిన వాళ్లలో వందలమందిని చుట్టుపక్కల జాలరులు తమ పడవల్లో దాటించారు. 17,000 ఎకరాలకు పైగా కాలింది, అందులో 10,000 ఎకరాలకు పైగా ఉద్యానానిదే. కోటీశ్వరుల కాటేజీలు 67 బూడిదయ్యాయి. వాటిలో చాలా వాటిని మళ్లీ కట్టలేదు. కాలిన చోట ముదురు స్ప్రూస్ అడవి స్థానంలో బర్చ్, ఆస్పెన్ వంటి ఆకురాల్చే చెట్లు లేచాయి. దీవి తూర్పు భాగంలో శరదృతువున కనిపించే పసుపు, నారింజ వెలుగుకు ఆ మంటే కారణం.

బోస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అకేడియా కారులో అయిదు గంటల దూరం. వారాంతానికి సరిపోయే ప్రయాణం కాబట్టి శుక్రవారం రాత్రి బయలుదేరి, శనివారం అన్నీ చూసి, ఆదివారం తిరిగి వచ్చేస్తారు. ఆ తొందరలో ఎక్కువ సమయం కారు ఆపుకోవడానికి చోటు వెతకడంలోనే పోతుంది. జూన్ చివరి నుంచి అక్టోబరు నడుమ దాకా ఐలాండ్ ఎక్స్‌ప్లోరర్ బస్సులు ఊళ్లను, కాలిబాటలను, గుడారపు బసలను కలుపుతూ ఉచితంగా తిరుగుతాయి. కాడిలాక్ శిఖరానికి తప్ప దాదాపు ముఖ్యమైన చోట్లన్నిటికీ వెళతాయి. పొడవాటి గడ్డిలో నడిచి వచ్చాక పిడుదులు అంటుకున్నాయేమో ఒళ్లు చూసుకోవాలి. వాటి వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 15 దాకా లూప్ రోడ్డులో అధిక భాగం మూసేస్తారు.

పోట్ల సమయాల పట్టిక ఒకటి, వేసవిలోనూ ఒక ఉన్ని చొక్కా, రాయి మీద జారని బూట్లు ఉంటే చాలు. అకేడియాకు కనీసం మూడు రోజులు కేటాయించండి. అందులో ఒక రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కారు తాళం బయటికి తీయకండి.